గడి వెనక కారణం: ప్రజాసేవల డిజైన్‌కు పనికొచ్చే వనరులు

(ప్రసంగ పాఠం. సభకు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని రాసినది.)

అందరికీ నమస్కారం.

నిర్వాహకులు నన్ను ఒక జాబితా అడిగారు. ప్రజాసేవల కోసం వెబ్‌సైట్లు, ఫారాలు, యాప్‌లు తయారుచేసేవాళ్లకు పనికొచ్చే వనరులు ఏమిటో చెప్పమన్నారు. జాబితాకేం, వెతికితే క్షణంలో వందల లింకులు వచ్చి పడతాయి. చిక్కంతా అక్కడే ఉంది. ఇలాంటి లింకులు గుట్టలుగా దాచుకున్నవాళ్లు మీలో ఎంతమంది? చేతులెత్తండి. సరే, వాటిలో సగమైనా చదివినవాళ్లు? చూశారా, చేతులన్నీ దిగిపోయాయి.

అందుకని జాబితా చదవను. కొన్నింటినే తీసుకుని, వాటిని ఎలా చదవాలో చెబుతాను. నా వాదన ముందే చెప్పేస్తాను, తరువాత మీరు నన్ను నిలదీయవచ్చు. ఏ వనరులోనైనా అన్నిటికన్నా విలువైనది కారణం. బటన్ ఏ రంగులో ఉందో ఎవరైనా చూపిస్తారు. అది అక్కడే ఎందుకు ఉంది? అంతకుముందు ఏం పెట్టి చూశారు? అది ఎందుకు బెడిసికొట్టింది? ఈ సంగతులు రాసిపెట్టినవాళ్లు తక్కువ. అలాంటి చోటు దొరికితే వదలకండి. కారణం రాయని నమూనాను తెచ్చి వాడుకోవడం పక్కింటివాళ్ల మందుల చీటీతో మన జబ్బుకు మందు కొనుక్కోవడమే.

ఇంకొక్క మాట చెప్పి అసలు విషయానికి వస్తాను. టికెట్లు అమ్మే సైటు నచ్చకపోతే ఇంకో సైటుకు వెళతాం. మరి పింఛను దరఖాస్తుకు ఇంకో సైటు ఉంటుందా? మరణ ధ్రువపత్రం ఇవ్వడానికి పోటీ సంస్థ ఉంటుందా? ఉండదు. వ్యాపారంలో డిజైన్ చెడితే అమ్మకాలు పడిపోతాయి, యజమానికి తెలిసిపోతుంది. ప్రజాసేవలో ఏమీ పడిపోదు. జనం ఎలాగో తంటాలు పడతారు. ఆ తంటా క్యూల్లోకి, ఫోన్ కాల్స్‌లోకి, దళారుల చేతుల్లోకి, సగంలో వదిలేసిన దరఖాస్తుల్లోకి పోతుంది. దాన్ని డిజైన్ ఖర్చు కింద ఏ లెక్కలోనూ రాయరు. ఈ తేడా గుర్తుంటే, వ్యాపార సైట్ల కోసం రాసిన సలహాల్లో చాలావాటిని దూరం పెట్టవచ్చు.

ఇక మొదటిది. బ్రిటన్ ప్రభుత్వంలో 2011లో గవర్నమెంట్ డిజిటల్ సర్వీస్ అనే విభాగం ఏర్పడింది. అంతకుముందు ఏడాది, ప్రభుత్వానికి డిజిటల్ వ్యవహారాల్లో సలహా ఇచ్చిన వ్యాపారవేత్త మార్తా లేన్ ఫాక్స్ ఇచ్చిన నివేదిక దానికి పునాది. ఒక్కో శాఖకు ఒక్కో సైటు ఉన్న గందరగోళాన్ని తగ్గించడానికి 2012 అక్టోబరులో వాళ్లు గవ్ డాట్ యూకే అనే ఒకే సైటును తెరిచారు. 2013లో లండన్ డిజైన్ మ్యూజియం దానికి ఆ ఏటి ఉత్తమ డిజైన్ పురస్కారం ఇచ్చింది. మీరు ఆ సైటు చూస్తే ఆశ్చర్యపోతారు, అందులో అందం అనదగ్గది ఏమీ కనబడదు. తెల్ల నేపథ్యం, నల్ల అక్షరాలు, ఒక ఆకుపచ్చ బటన్. దానికి డిజైన్ పురస్కారం!

ఆ సైటు వెనక ఉన్న విడిభాగాలను, నమూనాలను 2018లో గవ్ డాట్ యూకే డిజైన్ సిస్టమ్ పేరుతో బయటపెట్టారు. ఎవరైనా చూడవచ్చు. ఎక్కువమంది అందులోంచి కోడ్ కాపీ చేసుకుని బయటికి వచ్చేస్తారు. మీరు అలా రావద్దు. దాదాపు ప్రతి పేజీలోనూ దీన్ని ఎప్పుడు వాడాలి, ఎప్పుడు వాడకూడదు అన్న భాగాలు ఉంటాయి. చాలా పేజీల్లో, దీని మీద ఏం పరిశోధన జరిగింది, ఇంకా ఏం తేలలేదు అన్నది కూడా ఉంటుంది. ముందు అవి చదవండి.

ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. పుట్టిన తేదీ. మామూలుగా ఏం చేస్తాం? గడిలో నొక్కితే చిన్న క్యాలెండర్ తెరుచుకునేలా పెడతాం. చూడటానికి ముచ్చటగా ఉంటుంది. 1951లో పుట్టిన మనిషి ఆ క్యాలెండర్ ముందు కూర్చున్నారనుకోండి. ఈ నెల నుంచి వెనక్కి ఒక్కో నెలా నొక్కుకుంటూ 1951 దాకా వెళ్లాలి. ఎన్ని నొక్కులో మీరే లెక్కవేయండి. అందుకని ఆ బ్రిటన్ బృందంవాళ్లు మూడు మామూలు గడులు పెట్టారు: రోజు, నెల, సంవత్సరం. పుట్టిన తేదీ అందరికీ నోటికి వచ్చిన తేదీ, నేరుగా టైపు చేస్తే చాలు. మరి క్యాలెండర్ ఎక్కడా పనికిరాదా? పనికొస్తుంది. వచ్చే వారం ఏ రోజు ఖాళీ ఉందో చూసి సమయం కోరుకోవాల్సిన చోట క్యాలెండరే మేలు.

డిజైన్ సిస్టమ్‌లో తేదీల గురించిన ఆ పేజీలోనే ఇంకో మాట ఉంది. రోజు టైపు చేయగానే కర్సర్ దానంతటదే నెల గడిలోకి దూకేలా చేయవద్దంటారు. ప్రోగ్రామర్లు దాన్ని సాయం అనుకుని చేస్తారు. కీబోర్డుతోనే పని నడిపించుకునే మనిషి తరువాతి గడికి వెళ్లడానికి టాబ్ మీట నొక్కితే కర్సర్ రెండుసార్లు ముందుకు వెళ్లిపోతుంది. ఇక నెల గడి ఎక్కడుందో వెతుక్కోవాలి.

అంకెల గడి కథ ఇంకా బాగుంటుంది. వెబ్‌లో అంకెల కోసమే ఒక ప్రత్యేకమైన గడి రకం ఉంది. అంకెలు అడగాలంటే అదే వాడాలని మనందరం నేర్చుకున్నాం. 2020లో ఆ బృందం దాన్ని వదిలేసి మామూలు అక్షరాల గడికి మారింది. ఎందుకు మారిందో బహిరంగంగా రాసింది. మౌసు చక్రం పొరపాటున తిరిగితే చాలు, గడిలోని అంకె మారిపోతుంది. పేజీ కిందికి జరుపుదామని తిప్పుతాం, గడిలో రాసిన ఆదాయం ఒకటి పెరిగి కూర్చుంటుంది. మనకు తెలియను కూడా తెలియదు. గొంతుతో టైపు చేయించే సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకూ దానితో ఇబ్బందులున్నాయి. ప్రమాణంలో ఉన్నదే కదా అని కళ్లు మూసుకుని వాడకుండా, చూసి, కారణం రాసి, మార్చారు. నేను కారణం అంటున్నది దీన్నే.

తప్పులు చూపించే సందేశాల సంగతి కూడా అంతే. మన ఫారాల్లో ఏముంటుంది? 'దయచేసి సరైన సమాచారం నమోదు చేయండి.' ఏ సమాచారం? ఎలా ఉంటే సరైనది? ఎర్ర అక్షరాలతో గద్దిస్తుంది గానీ చెప్పదు. వాళ్ల మార్గదర్శకాల్లో 'దయచేసి' అనే మాటే వద్దన్నారు. అలా అంటే చేసినా చేయకపోయినా ఫరవాలేదన్నట్టు ఉంటుందట. 'క్షమించండి' కూడా వద్దు, దానివల్ల తప్పు దిద్దుకోవడానికి ఏ సాయమూ లేదు. 'చెల్లదు' అనీ అనవద్దు. ఏం చేయాలో చెప్పమంటారు: 'మీరు పుట్టిన సంవత్సరం రాయండి.' అంతే. పేజీ పైభాగంలో తప్పులన్నీ ఒకచోట, ఒక్కోదాని మీద నొక్కితే ఆ గడికే వెళ్లేలా పెట్టాలి. అదే వాక్యం గడి పక్కన కూడా ఉండాలి. రెండు చోట్లా ఒకే వాక్యం. ఇందులో కొత్త టెక్నాలజీ ఏముంది చెప్పండి?

పేర్ల గురించి ఎక్కువసేపు మాట్లాడను. వెబ్ ప్రమాణాలు రూపొందించే సంస్థ వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం వాళ్లది, ప్రపంచంలో మనుషుల పేర్లు ఎన్ని రకాలుగా ఉంటాయో వివరించే వ్యాసం ఒకటి ఉంది. ప్యాట్రిక్ మెకెంజీ అనే ప్రోగ్రామర్ 2010లో, పేర్ల గురించి ప్రోగ్రామర్లు నమ్మే అబద్ధాలు అంటూ ఒక పట్టీ రాశారు. రెండూ చదవండి, ఒక పూట కూడా పట్టదు. చదివాక మొదటి పేరు, చివరి పేరు అని రెండు గడులు పెట్టడానికి మీకు చేయి రాదు. ఒకే మాట పేరుగా ఉన్న మనిషి రెండో గడిలో ఏం పెట్టాలి? చుక్క పెట్టి గట్టెక్కుతారు. ఆ చుక్క అధికారిక పత్రాల్లో జీవితాంతం వెంటపడుతుంది. తప్పనిసరైతే తప్ప, పూర్తి పేరుకు ఒకే గడి.

ఇప్పుడు ఈ రోజు నాకు అన్నిటికన్నా ఇష్టమైన దాని దగ్గరికి వస్తున్నాను. దీనికి కంప్యూటర్ అక్కర్లేదు, కాగితం చాలు. ఫారాల మీద దశాబ్దాలుగా పనిచేసిన కేరొలిన్ జారెట్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. ఫారంలో ఉన్న ప్రతి ప్రశ్నకూ ఎదురుగా కొన్ని సంగతులు రాయాలి. ఈ జవాబు మీ సంస్థలో ఎవరు వాడతారు? దేనికి వాడతారు? తప్పనిసరా, ఐచ్ఛికమా? ఎవరైనా తప్పు జవాబో, ఏదో ఒక జవాబో ఇచ్చి పోతే ఏమవుతుంది? జవాబు మారితే దాన్ని ఎలా సరిచేస్తారు? అంతే. చాలా తేలికగా కనబడుతుంది కదా? ఒక్క ఫారం తీసుకుని కూర్చోండి. ఎవరు వాడతారు అన్న మొదటి గడి దగ్గరే సగం ప్రశ్నలు ఆగిపోతాయి. 'ఎప్పటినుంచో ఉంది.' 'పై ఆఫీసువాళ్లు అడగవచ్చు.' 'అది లేకపోతే ఫారం వెలితిగా ఉంటుంది.' ఈ మూడు జవాబులూ విన్నవాళ్లు ఇక్కడ ఉన్నారని ఆ నవ్వులు చెబుతున్నాయి.

దీని పెద్ద రూపం ఎలా ఉంటుందో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో చూడవచ్చు. ఆహారం, వైద్యం, పిల్లల సంరక్షణ లాంటి సాయాల కోసం అక్కడ ఒక ఉమ్మడి దరఖాస్తు ఉండేది. 42 పేజీలు. వెయ్యికి పైగా ప్రశ్నలు. అందులో ఒకటి, మీ బిడ్డ ఎప్పుడు కడుపున పడింది అని! సాయం కోసం వచ్చిన మనిషిని అడిగే ప్రశ్నేనా అది? దురుద్దేశంతో ఎవరూ పెట్టి ఉండరు. ఇలాంటి ఫారాలు ఏళ్ల తరబడి పెరుగుతాయి. ఒక నిబంధన వస్తుంది, ఒక ప్రశ్న చేరుతుంది. నిబంధన పోయినా ప్రశ్న పోదు. డెట్రాయిట్‌లోని సివిల్లా అనే లాభాపేక్ష లేని సంస్థ, ప్రభుత్వ శాఖతో కలిసి దాన్ని తిరగరాసింది. 2018లో కొత్త ఫారం రాష్ట్రమంతటా వచ్చింది. నిడివి 80 శాతం తగ్గింది. తగ్గించడానికి కత్తెర వేస్తే సరిపోదు. ఏ ప్రశ్నకు చట్టంలో ఆధారం ఉంది, ఏది అలవాటుగా వస్తోంది అని ఒక్కొక్కటీ విడదీయాలి. డిజైనర్ పక్కన చట్టం తెలిసిన మనిషి కూర్చోవాల్సిన పని ఇది. ఆ కథ వాళ్ల సైటులో ఉంది. ఒక శాఖను ఒప్పించాల్సిన పని మీ మీద పడితే, వంద సలహాల కన్నా అది ఎక్కువ ఉపయోగపడుతుంది.

అన్నట్టు, ఒప్పించడం అంటే గుర్తొచ్చింది. ఫారం మీద స్లైడ్లు చేసి పై అధికారికి చూపించకండి. ఫారాన్నే చేతికిచ్చి నింపమనండి. పక్కన కూర్చుని ఊరుకోండి. మీ వాదన అదే వినిపిస్తుంది.

తరువాతిది, అందరికీ అందేలా చేయడం. ఇక్కడ మూల గ్రంథం ఒకటే: వెబ్ కంటెంట్ యాక్సెసిబిలిటీ గైడ్‌లైన్స్. దీన్ని కూడా వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియమే వెలువరిస్తుంది. 2.2 రూపం 2023 అక్టోబరులో వచ్చింది. నిజం చెప్పాలంటే చదవడానికి అది కష్టంగా, చట్టం భాషలా ఉంటుంది. దాన్ని నేరుగా చదవకండి. ప్రతి నియమానికీ దాన్ని అర్థం చేసుకోవడానికి ఒక వివరణ పేజీ ఉంది. అక్కడ మొదలుపెట్టండి. ఈ నియమం లేకపోతే ఎవరికి ఏ ఇబ్బందో ఆ పేజీ చెబుతుంది. మళ్లీ కారణమే చూడండి.

మామూలు అక్షరాలకూ వాటి నేపథ్యానికీ మధ్య 4.5కు 1 నిష్పత్తిలో వెలుగు తేడా ఉండాలి. మనం ముచ్చటపడి పెట్టే లేత బూడిద అక్షరాలు చాలావరకు ఇక్కడే తప్పుతాయి. 2.2లో కొత్తగా చేరినవి ప్రజాసేవలకు మరీ ముఖ్యం. ఒకే ప్రక్రియలో ఒకసారి ఇచ్చిన సమాచారాన్ని మళ్లీ టైపు చేయించకూడదు. నొక్కే గుర్తులు కనీసం 24కు 24 పిక్సెళ్లు ఉండాలి, దీనికి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. లాగిన్ కావడానికి జ్ఞాపకశక్తి పరీక్ష పెట్టకూడదు. అంటే పాస్‌వర్డ్ గడిలో పేస్టు చేయనివ్వకుండా అడ్డుపడటం కూడా ఆ పరీక్ష కిందికే రావచ్చు. భద్రత కోసమే అంటూ పేస్టు ఆపేవాళ్లు ఈ గదిలో ఎవరైనా ఉంటే, ఆ పేజీ ఒక్కసారి చదవండి.

నియమాలు చదవడానికి ఓపిక లేని సహోద్యోగుల కోసం పోస్టర్లున్నాయి. బ్రిటన్ హోం ఆఫీసులో 2016లో తయారయ్యాయి. ఆటిజం ఉన్నవాళ్లకు, తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్ వాడేవాళ్లకు, చూపు మందగించినవాళ్లకు, చదవడంలో ఇబ్బంది కలిగించే డిస్లెక్సియా ఉన్నవాళ్లకు, చేతులు సరిగా కదపలేనివాళ్లకు, వినికిడి లోపం ఉన్నవాళ్లకు ఏం చేయాలో, ఏం చేయకూడదో ఒక్కో పోస్టరు మీద ఉంటుంది. గోడకు అంటించండి. అవి పక్కపక్కన పెట్టి చూస్తే ఒకరికి మేలు చేసేది ఇంకొకరికి సరిపోకపోవచ్చని కూడా తెలుస్తుంది. అది తెలియడమూ మంచిదే.

తనిఖీ చేసే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి కదా అంటారా? ఉన్నాయి, వాడండి. బొమ్మకు వివరణ ఉందా లేదా అన్నది అవి చెప్పగలవు. ఆ వివరణకు అర్థం ఉందా లేదా అన్నది చెప్పలేవు. మౌసు తీగ పీకేసి, టాబ్ మీటతో మీ ఫారం మొదటినుంచి చివరిదాకా నింపి చూడండి. ఎక్కడున్నారో మీకే తెలియకుండా పోయే చోటు ఒకటి తప్పకుండా వస్తుంది.

భాష. దీనికి 2023లో అంతర్జాతీయ ప్రమాణమే వచ్చింది, ఐఎస్ఓ 24495 మొదటి భాగం, తేట భాష గురించి. అమెరికాలో 2010 నుంచి ప్రభుత్వం తేటగా రాయాలన్న చట్టమే ఉంది. గవ్ డాట్ యూకే అయితే తొమ్మిదేళ్ల పిల్లలు చదవగలిగేలా రాయమంటుంది. చదువుకున్నవాళ్లకు అవమానం కాదా అని అడుగుతారు. చదువుకున్నవాళ్లకే సమయం తక్కువ. తెలుగులో రాసేవాళ్లకు ఇంకో తలనొప్పి ఉంది. ఈ నమూనాలన్నీ ఇంగ్లీషు అక్షరాల ఎత్తుకు కొలిచినవి. తెలుగు పెడితే పైన గుడులు, కింద వత్తులు తెగిపోతాయి. 'స్త్రీ' అని రాసి చూడండి, గడి సరిపోతుందో లేదో తెలిసిపోతుంది. భారతీయ లిపుల అమరిక అవసరాల మీద కూడా వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం పత్రం ఉంది. మీ బృందంలో తెర తయారుచేసేవాళ్ల చేతికి అది ఇవ్వండి.

ఇంతసేపూ తెర మీదే ఉన్నాం. సేవ అంటే తెర ఒక్కటేనా? 1984లో లిన్ షోస్టాక్ హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో ఒక వ్యాసం రాశారు. సేవకు కూడా భవనానికి గీసినట్టు నమూనా పటం గీయవచ్చన్నారు. ఆమె తీసుకున్న ఉదాహరణ వీధి మూల బూట్ల పాలిష్. వచ్చినవాళ్లకు కనబడేదేది, కనబడనిదేది అని మధ్యలో ఒక గీత గీశారు. ఈ రోజు సర్వీస్ బ్లూప్రింట్ అంటున్నది అదే. మీ సేవకు ఒకటి గీయండి. గీత కింద పని ఎన్ని చోట్ల ఆగుతోందో కనబడుతుంది. ఇదే దారిలో ఇప్పటి పుస్తకం కావాలంటే 2020లో వచ్చిన లూ డౌన్ పుస్తకం 'గుడ్ సర్వీసెస్' ఉంది, పదిహేను సూత్రాలు. చిన్న పుస్తకం.

గీత కిందిది పట్టించుకోకపోతే ఏమవుతుందో 2013 అక్టోబరు 1న అమెరికా చూసింది. ఆరోగ్య బీమా కోసం హెల్త్‌కేర్ డాట్ గవ్ తెరిచారు. మొదటి రోజు నమోదు పూర్తిచేయగలిగినవాళ్లు ఆరుగురు. దేశమంతటికీ ఆరుగురు. కారణాలు చాలా ఉన్నాయి, ఒకటి మాత్రం మన పనికి సంబంధించినది. ఏ పథకాలున్నాయో చూడాలన్నా ముందు ఖాతా తెరవాలన్నారు. ఊరికే చూసి పోదామని వచ్చినవాళ్లు కూడా ఖాతా దగ్గరే గుమిగూడారు, ఆ ద్వారం కూలబడింది. ఏది ముందు అడగాలి, ఏది తరువాత అన్నది మర్యాదకు సంబంధించిన విషయమే అనుకుంటాం. అది సర్వర్ మోసే బరువుకూ సంబంధించినదే. మరుసటి ఏడాది అక్కడ యూఎస్ డిజిటల్ సర్వీస్ అనే ప్రభుత్వ బృందం వచ్చింది, వాళ్లు రాసిన ప్లేబుక్‌లో, అంటే పని ఎలా చేయాలో చెప్పే మార్గదర్శినిలో 13 సూత్రాలు ఉన్నాయి. ప్రతి సూత్రం చివరా వేసుకోవాల్సిన ప్రశ్నలుంటాయి, అవి బాగుంటాయి.

జనం చేత వాడించి పరీక్షించడం గురించి రెండు ముక్కలు. ఐదుగురితో పరీక్షిస్తే చాలని, వాడకం సౌలభ్యం మీద పనిచేసే నిపుణుడు జాకబ్ నీల్సన్ 2000లో రాసిన వ్యాసం అందరూ ఉటంకిస్తారు. చివరిదాకా చదివినవాళ్లు కొద్దిమందే. ఐదుగురితో ఒకసారి చూసి, దిద్ది, మళ్లీ చూడమన్నారు ఆయన. బాగా తేడా ఉన్న వర్గాలు ఉంటే ఒక్కో వర్గం నుంచీ విడిగా మనుషులు కావాలన్నారు. ప్రజాసేవకు వచ్చేవాళ్లు ఒకే వర్గమా? మీ ఆఫీసులోనే ఐదుగురిని కూర్చోబెట్టి పరీక్ష అయిందనకండి.

వనరులకు ఆయుష్షు ఉంటుందని కూడా చెప్పాలి. అమెరికా ప్రభుత్వంలో 2014లో మొదలైన 18ఎఫ్ అనే బృందం పరిశోధన పద్ధతుల మీద చక్కటి కార్డులు, మార్గదర్శకాలు రాసింది. 2025 మార్చిలో ఆ బృందాన్ని రాత్రికి రాత్రి రద్దు చేశారు. అవి ఎవరైనా వాడుకోదగ్గ హక్కులతో బయటపెట్టినవి కాబట్టి కాపీలు మిగిలాయి. లింకు దాచుకుంటే చాలదు. మీరు తీసుకున్న నిర్ణయం, దాని కారణం, ఏ వనరు చూసి తీసుకున్నారు అన్నది మీ బృందం ఫైల్లో తేదీ వేసి రాసుకోండి. భారత ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాలు 2009లో మొదలై ఇప్పటికి మూడో రూపానికి వచ్చాయి. ప్రభుత్వ పని చేసేవాళ్లు పాత రూపం పట్టుకుని కూర్చోకుండా చూసుకోవాలి.

వెనక వరుస నుంచి ఒక చీటీ వచ్చింది. 'ఆ బ్రిటన్ డిజైన్ సిస్టమ్ మేము వాడుకోవచ్చా, హక్కుల గొడవ రాదా?' మంచి ప్రశ్న. కోడ్ ఎంఐటీ లైసెన్సు కింద ఉంది, వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. కిరీటం గుర్తు మాత్రం వాడకూడదు. వాళ్ల జీడీఎస్ ట్రాన్స్‌పోర్ట్ ఫాంటు కూడా గవ్ డాట్ యూకే సేవల బయట వాడకూడదు. ఫాంటు మార్చగానే గడుల ఎత్తు, వరుసల మధ్య ఎడం మళ్లీ చూసుకోవాలి. తెలుగు ఫాంటైతే మరీనూ. ఇంకో చీటీ కూడా ఉంది కానీ చేతిరాత నాకు అంతుపట్టడం లేదు. రాసినవాళ్లు లేచి అడగండి, మైకు అటు పంపుతారు.